గోడలో కంత

వానకాలం, సోమవారం రాత్రి, 1978

మా శాలిబండ క్వార్టర్ల మరమ్మతుకు ఇన్నేళ్లకు సర్కారు పైసలు మంజూరయ్యాయి. పొద్దున ఇంజనీరు వచ్చి కారుతున్న కప్పు చూశాడు. పక్కింటి ఖాజాకూ నాకూ నడుమ గోడలో ఉన్న కంత చూసి మొహం చిట్లించాడు.

"ఇది మూస్తేనే కప్పు పని మొదలైతది, పెద్దాయనా."

రాజమ్మను పెళ్లి చేసుకున్న ఏడాది ఆ కంత నేనే కొట్టాను. పొయ్యికి నిప్పు కావాలంటే ఆమె అందులోంచే అడిగేది. ఖాజా భార్య నిప్పుతో పాటు గిన్నెడు పుల్లటి పప్పు, ఖట్టీ దాల్ కూడా ఇచ్చేది. వంట తక్కువ, ముచ్చట్లు ఎక్కువ. ఆ ఆడవాళ్లిద్దరూ కాలం చేశారు. ఇప్పుడు ఖాజా నాకు చాయ్ అందిస్తాడు.

"మూసెయ్యనీ భాయ్," అన్నాడు అటునుంచి. "నీ గురక పీడ పోతది నాకు."

"నీ దగ్గు పీడ నాకు పోదా ఏంది?" అన్నాను.

నవ్వాం.

కప్పు పని వద్దని ఇంజనీరును పొమ్మందామనుకున్నాను. కానీ కప్పు ఇద్దరికీ ఒకటే. అది కారే తడి వల్లనే వాడికి దగ్గు.

రేపు మేస్త్రీ వస్తాడట. వాన పడుతోంది. కంత అవతల ఖాజా ఇంకా దగ్గుతున్నాడు. నా గురక వినపడలేదు గనుక నేనూ మేలుకునే ఉన్నానని వాడికి తెలిసే ఉంటుంది.