విప్పి చూడని పట్టాలు

అమ్మాయీ,

ఒకసారి పేల్చాక ఫిరంగి గొట్టం విప్పి లోపలి పట్టాలు చూడందే మళ్లీ పేల్చనని మీ నాన్న నాకు మాట ఇచ్చాడు. అప్పటికి నువ్వు పుట్టలేదు. ఆ మాట సాయంత్రం దాకా కూడా నిలవలేదు.

ఇప్పుడు మీ నాన్న పనిచేసిన అదే ప్రయోగశాల హాల్లో, కరెంటుతో గుండు విసిరే ఆ రైల్‌గన్ మీట నీ చేతికి వచ్చిందనీ, సోమవారం అతిథుల ముందు వరసగా రెండుసార్లు పేల్చి చూపిస్తావనీ విన్నాను.

గుండును తోసే కరెంటే ఆ రెండు రాగి పట్టాలనూ ఎడంగా తన్నుతుందని నీకు తెలుసు. పైకి గొట్టం చెక్కుచెదరదు. లోపల పట్టాలు కరిగి గుంటలు పడతాయి. ఆ రోజు మొదటిసారి పేల్చాక మీ చిన్న మామయ్య మీ నాన్నతో, "బావా, విప్పి చూద్దాం" అన్నాడు.

"పెద్దవాళ్లు కూర్చున్నార్రా. కొత్త పెళ్లికొడుకులా నసగకు, రెండోది కానివ్వు."

"సరే, పగిలితే అక్క చేత చీవాట్లు నువ్వే తిను" అని నవ్వి, వాడు మీట నొక్కాడు.

గొట్టం నిలువునా చీలింది. కరిగిన రాగి అడ్డుగా ఉన్న అద్దాన్నీ, వెనకున్న వాడి గొంతునూ చీల్చేసింది. నేను రెండు చేతులా అదిమిపట్టినా నెత్తురు వేళ్ల సందుల్లోంచి చిమ్మింది. అదీ ప్రదర్శనలో భాగమే అనుకుని అతిథులు చప్పట్లు కొట్టారు. వాడే బోల్టులు సరిగా బిగించలేదని విచారణలో తేల్చారు.

సోమవారం మొదటిసారి పేల్చాక మీట తాళంచెవి తీసి జేబులో వేసుకో. ఎవరు కసిరినా ఇవ్వకు. ఉద్యోగం పోతే పోనీ. ముందు వరసలో కూర్చుని "ఇంకొక్కటి" అనబోయేవాడు పరాయివాడు కాదు. నా తమ్ముణ్ణి చంపిన మీ నాన్నే.