మేఘన నేర్పిన ‘పచ్చి’

డ్రోహెడా

అక్కకి,

సుజాత నమస్కారాలు. బావగారి మోకాలు ఎలా ఉంది? చిన్ని పరీక్షలు బాగా రాసిందా? అత్తయ్యగారు కంటి ఆపరేషన్ అయ్యాక టీవీ చూడటం తగ్గించారా, ఇంకా దగ్గరికి జరిగారా? ఇక్కడ మేం ముగ్గురం బాగున్నాం. నిజంగానే బాగున్నాం, చదువుతూ అనుమానాలు పెట్టుకోకు.

వీడియో కాల్ ఉండగా ఈ ఉత్తరమేమిటని నవ్వుకుంటావు. ఫోన్ చేస్తే పక్కన మా పిల్ల మేఘన చేరుతుంది. బదులు ఇంగ్లీషులోనే ఇస్తుంది గానీ, మనం మాట్లాడే తెలుగు దానికి మనం అనుకునేదానికన్నా ఎక్కువే అర్థమవుతోంది. చదవడం మాత్రం రాదు. అందుకే ధైర్యంగా కాగితం మీద పెడుతున్నాను. బద్ధకించకుండా చివరిదాకా చదువు.

ఇక్కడ వాన పడుతోందని చెప్పడం కాకినాడలో ఉక్కగా ఉందని చెప్పడం లాంటిదే, కొత్త సంగతేం కాదు. మీ మరిదిగారు తెల్లారకముందే బస్సెక్కి, సిటీలో దిగి, లువాస్ రైలు పట్టుకుని శాండీఫోర్డ్‌లో ఆఫీసుకి వెళ్తారు. వచ్చేసరికి మళ్ళీ చీకటే. నేను ఆస్పత్రిలో పిల్లల వార్డులో డ్యూటీ చేసి ఇంటికొచ్చి, వంట చేసుకుని, గిన్నెలు తోముకుని, వాటిని ప్రెస్‌లో సర్దుకుంటాను. ఇక్కడ అల్మరాని ప్రెస్ అంటారు. మొదట్లో మన మేఘన గిన్నెలు ప్రెస్‌లో పెట్టానంటే ఇస్త్రీ చేసిందేమోనని హడలిపోయాను.

మనుషులు మంచివాళ్ళే అక్కా. ఎలా ఉన్నారని అడుగుతారు, మనం బాగున్నామనడానికి ‘గ్రాండ్’ అనాలి, వాళ్ళు సంతోషించి వెళ్ళిపోతారు. వచ్చిన దగ్గర్నుంచీ ఎన్ని వందలసార్లు గ్రాండ్ అన్నానో. ‘నిజంగానా?’ అని తిరిగి అడిగిన మనిషి ఒక్కతే, అమల్.

అమల్ గురించి నీకు కొంచెం చెప్పాను. సూడాన్ అమ్మాయి, మా ఆస్పత్రి ల్యాబులో పని, మా ఇంటికి రెండిళ్ళ అవతల ఉంటుంది. వాళ్ళకీ బెండకాయ ఉంది, వేరుశనగ ఉంది. నేను చేసిన వేరుశనగ పచ్చడి చెంచాతో ఉత్తదే తినేసింది. తను పెట్టే టీలో లవంగం వేస్తుంది, చక్కెర మన శుభకార్యాల్లో పోసినట్టు పోస్తుంది. సెలవు రోజున వాళ్ళింట్లో ఆ టీ తాగుతూ కూర్చుంటే నాకు నీ దగ్గర కూర్చున్నట్టే ఉండేది. ఇక్కడ నాకున్న స్నేహమంతా అదే.

తన కూతురు హిబా మేఘన క్లాసు. అదే క్లాసులో రవాన్ అని ఇంకో సూడాన్ పిల్ల ఉంది, వాళ్ళ నాన్న మా దగ్గరే డాక్టరు. ముగ్గురూ ఒకే చెట్టు కాయల్లా తిరిగేవాళ్ళు. వాళ్ళ దేశంలో యుద్ధం మొదలైంది కదా, సైన్యం ఒకవైపు, సైన్యంతో చెడిన ఇంకో దళం ఒకవైపు. ఒకే దేశం వాళ్ళు వాళ్ళలో వాళ్ళే చంపుకుంటున్నారు. ఆ దళం వాళ్ళు అమల్ పుట్టింటిని ఆక్రమించుకుని, అమ్మని కట్టుబట్టలతో బయటికి పంపారు. తమ్ముడి జాడ ఇప్పటికీ తెలియదు. రవాన్ వాళ్ళ మేనమామ ఆ దళంలోనే ఉన్నాడని ఎవరో చెప్పారు. ఇంతే. ఆ రోజు నుంచి ఈ రెండిళ్ళకీ మాటల్లేవు. హిబాని కూర్చోబెట్టి, రవాన్‌తో మాట్లాడితే నా కూతురివి కావని అమల్ చెప్పిందట. ఆంబోతుల పోట్లాటలో లేగదూడల కాళ్ళు విరగడమంటే ఇదే.

మేఘన నన్నడిగింది, “హూజ్ సైడ్ యామ్ ఐ ఆన్, అమ్మా?” అని. మనకెందుకు, అందరితోనూ బాగుండు అన్నాను. నా మాట నాకే చప్పగా వినపడింది.

తర్వాతి వారం మేఘనని తీసుకురావడానికి బడికి వెళ్ళాను. గేటు దగ్గర తల్లులంతా ఉన్నారు, అమల్ కూడా. హిబా, రవాన్ ఎదురుపడ్డారు. హిబా మొహం బిగించుకుని “పచ్చి!” అంది. రవాన్ కూడా అంతే గట్టిగా “పచ్చి!” అంది. తలలు తిప్పుకుని చెరోవైపు వెళ్ళిపోయారు. చిన్నప్పుడు నువ్వు నాకు చిటికెనవేలు చూపించి ‘నీతో పచ్చి, నాతో మాట్లాడకు’ అనేదానివే, ఆ పచ్చి! ఐర్లండులో ఇద్దరు సూడాన్ పిల్లలకి మన గొడవల మాట ఎవరు నేర్పి ఉంటారు, మన మహాతల్లి తప్ప!

ఇంటికొచ్చి దులిపేశాను. “స్నేహం తెంచుకునే మాట నేర్పుతావా వాళ్ళకి? బుద్ధుందా?”

అది నోరు తెరుచుకుని చూసింది. “బట్ పచ్చి మీన్స్ ఫ్రెష్, అమ్మా! నాట్ గాన్ ఆఫ్!”

చెడిపోలేదని అర్థమట! పచ్చిమిర్చి, పచ్చిపాలు, పచ్చిమామిడికాయ, అన్నిటికీ ఫ్రెష్ అనే చెప్పుకుంటూ వచ్చింది నేనే కదా. పోయిన వేసవిలో మేం వచ్చినప్పుడు మీ చిన్ని దీనితో దెబ్బలాడి ‘నీతో పచ్చి’ అని వెళ్ళి, కాసేపటికి ఉప్పూ కారం అద్దిన మామిడి ముక్క తెచ్చి దీని నోట్లో పెట్టిందట. ఆ రెండూ కలిపి, మన స్నేహం ఇంకా తాజాగానే ఉందని చెప్పే మాట అదని ఇది తీర్మానించుకుంది. అమ్మలు మాట్లాడొద్దన్నారు కనక, అమ్మలకి తెలియని భాషలో రోజుకొక్క మాట చెప్పుకుందామని ముగ్గురూ ఒట్టేసుకున్నారు. కోపంగా మొహం పెట్టి, పచ్చి అనేసి, వెళ్ళిపోవడం. “యూ కాంట్ టెల్. ప్రామిస్ మీ” అని నా చెయ్యి పట్టుకుంది. ప్రామిస్ చేశాను. ఆ మాటకి అసలు అర్థం కూడా చెప్పలేదు, ఎలా చెప్పను?

ఇక నా పని కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం అన్నట్టయింది. కొన్నాళ్ళకి టీ పోస్తూ అమల్ అడగనే అడిగింది.

“సుజా, ఆ పిల్లలు ఏదో అనుకుంటున్నారు, పచ్చి అని. మీ భాషేనా? ఏంటి దానర్థం?”

“మా పిల్లలు అనుకునే మాటే. నీతో ఇక మాట్లాడను అని” అన్నాను.

అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు చూడు. నిఘంటువు తెచ్చి చూసుకోమను. అయినా ఆ టీ సగంలోనే వదిలేశాను. అమల్ మాత్రం తల ఊపి, “మంచిది” అంది. తన మొహం చూస్తే మంచి జరిగినట్టేమీ లేదు.

ఇంతలో రవాన్ వాళ్ళ నాన్నకి కార్క్‌లో ఉద్యోగం వచ్చింది. బాలింకాలిగ్‌లో ఇల్లు తీసుకున్నారు. మాకు ఇక్కడి నుంచి అది దేశానికి ఆ చివర. బళ్ళో రవాన్ ఆఖరి రోజున నేనూ అమల్ గేటు దగ్గర నిలబడి ఉన్నాం. ఆ పిల్ల కారెక్కింది. హిబా ఫుట్‌పాత్ మీద నిలబడి, ఈసారి మొహం బిగించడం కూడా మరిచిపోయి, “రవాన్! పచ్చి! పచ్చి!” అని అరిచింది. అది కారు అద్దం దించి ఏడుస్తూ “పచ్చి, హిబా!” అంది.

అమల్ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. “వెళ్ళిపోతున్న పిల్లని ఇవాళ కూడా అలా అంటుందా?” అని, గబగబా వెళ్ళి హిబా భుజం మీద చెయ్యి వేసి అరబీలో ఏదో చెప్పి ముందుకి తోసింది. ఆ భాష నాకు రాదు గానీ ఆ తోయడం అర్థమైంది. పో, మంచి మాట చెప్పి రా అని. హిబా ఒక్క క్షణం తల్లిని నమ్మలేనట్టు చూసి పరుగెత్తింది. కారు కిటికీలోంచి ఇద్దరూ మెడలు వాటేసుకున్నారు, మన మేఘన వెనకనించి ఇద్దర్నీ పట్టుకుంది. రవాన్ వాళ్ళమ్మ ఎదురుగా రోడ్డు చూస్తూ కూర్చుంది. అమల్ నేల చూస్తూ నిలబడింది. పెద్దవాళ్ళు మాత్రం ఒక్క మాటా అనుకోలేదు. కానీ పిల్లలు వదులుకునేదాకా రవాన్ వాళ్ళమ్మ కారు కదల్చలేదు.

నడిచి ఇంటికొస్తుంటే అమల్ ఏడుపు ఆపుకోలేకపోయింది. “నా బిడ్డకి అంత పగ నేనే నేర్పానా సుజా?” అంది. నేను తట్టుకోలేకపోయాను. పగ కాదని చెప్పి, మొత్తం చెప్పేశాను. ముందు నవ్వింది. కళ్ళు తుడుచుకుని మళ్ళీ నవ్వింది. హమ్మయ్య అనుకున్నాను.

“నీకు ఎప్పట్నించి తెలుసు?” అని అడిగింది తర్వాత.

చెప్పాను.

“పిల్లలు దాచారంటే పిల్లలు. నా తమ్ముడు ఉన్నాడో లేడో ఎవరూ నాకు నిజం చెప్పటం లేదు. నువ్వొక్కదానివి చెప్తావనుకున్నాను” అంది. అని వాళ్ళింట్లోకి వెళ్ళిపోయింది.

అప్పట్నించి టీ లేదు. ఆస్పత్రి వరండాలో ఎదురుపడితే ఎలా ఉన్నావని అడుగుతాను, గ్రాండ్ అంటుంది. నా కూతురికిచ్చిన మాట నిలబెట్టుకున్నందుకు నేనేం బాధపడటం లేదు. మళ్ళీ అలాగే చేస్తానేమో కూడా. కానీ సెలవు రోజులు గడవడం లేదక్కా. వేరుశనగ పచ్చడి చేసి సీసాలో పెట్టాను, వాళ్ళ తలుపు కొట్టే ధైర్యం రాలేదు. నువ్వైతే ఏం చేసేదానివో రాయి. మీ మరిదిగారిని అడిగితే ఆయన ‘కొంచెం టైమ్ ఇవ్వు’ అంటున్నారు, కంప్యూటర్ నెమ్మదించినా ఆయన అదే అంటారు.

నీకొక్క పని అప్పగిస్తున్నాను. చిన్నికి గట్టిగా చెప్పు, వీడియోలో మేఘన ఆ మాట అంటే తప్పని సరిదిద్దొద్దని. హిబా, రవాన్ ఇప్పుడు వాళ్ళ నాన్నల ఫోన్లలో ఆ ఒక్క మాటే పంపుకుంటున్నారట. దాన్ని అలాగే ఉండనియ్యండి. పార్సిల్ పంపితే గుమ్మడి వడియాలు పెట్టు. బావగారికి, అత్తయ్యగారికి నా నమస్కారాలు, చిన్నికి ముద్దులు. అమల్ తమ్ముడి కోసం నువ్వు పూజలో ఒక్కసారి అనుకో, పేరు ఉస్మాన్. ఏ దేవుడైనా వింటే చాలు.

నిన్న పొద్దున బడికి బయలుదేరుతూ, షూ లేసులు కట్టుకుంటూ మేఘన తలెత్తి అడిగింది, “అమ్మా, ఆర్ యూ అండ్ అమల్ ఆంటీ స్టిల్ పచ్చి?” అని.

“ఆఁ, పచ్చే” అన్నాను. అది సంతోషంగా బ్యాగు తగిలించుకుని వానలోకి పరుగెత్తింది.

నీ దీవెనలు కోరే చెల్లెలు,
సుజాత