పెన్ను పట్టిన చెయ్యి

నాన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. ఇవాళే నాకు ఉద్యోగం వచ్చిందని ఫోన్ చేశారు, షుగరు జబ్బుకి పొట్టలో పొడుచుకునే ఇన్సులిన్ పెన్నులు తయారుచేసే కంపెనీ వాళ్లు. "మా పిల్లకి ఉద్యోగమొచ్చీసింది" అని అమ్మ వీధంతా చెప్పి వచ్చింది. నేను మాత్రం లోపల కూర్చుని నీకిది రాస్తున్నాను.

ఇంటర్వ్యూలో పెద్దాయన అడిగాడు: "మందు మంచిదే, పెన్నూ మంచిదే. రెండూ కలిశాక తప్పెక్కడ జరుగుతుంది?"

మన ఇంటి సంగతే, ఎవరిదో అన్నట్టు చెప్పాను. నౌపడ ఉప్పుమడుల్లో పనిచేసే ఒకాయన ఉండేవాడని, పెన్ను మీట నొక్కగానే "బేగి తీసీయమ్మా, పొద్దెక్కిపోతన్నాది" అనేవాడని చెప్పాను. మందు పూర్తిగా దిగాలంటే పది లెక్కపెట్టి సూది తీయాలి. ఆ ఇంట్లో లెక్కపెట్టేవాళ్లు కాదు. పొట్టమీద మిగిలిన చుక్కని ఆయన తువ్వాలుతో తుడిచేసుకునేవాడు. షుగరు ఎందుకు దిగడం లేదో అప్పట్లో ఎవరికీ తెలియలేదు.

"ఇలా చూసే మనిషే మాకు కావాలి" అన్నాడు పెద్దాయన.

రోజూ ఆ సూది తీసింది ఎవరని ఆయన అడగలేదు. నేనూ చెప్పలేదు.

పెన్నులు బయటికి పంపేముందు పరీక్షించడం నా పనట. ఎవరెవరి ఇళ్లకో వెళ్లే పెన్నులు, నాన్నా. సోమవారం వాటిని ఈ చేతికే ఇస్తారు.