ఆకలి పట్టిక

తుకుం, చంద్రపూర్
జూన్ 8

ప్రియమైన చెల్లె జెస్లిన్‌కు,

గని పేలుళ్ళలో పోయిన చెవులకు ఫోన్ పనికిరాదు. అందుకే ఈ ఉత్తరం. నన్ను గనిలోంచి తీసి పైన స్టోర్ డ్యూటీకి మార్చారు. ఇంటికి రాగానే అక్వేరియం ముందు కూర్చుంటాను. ఆ ఉప్పునీళ్ళ దగ్గర ఎవరినీ "ఏందీ?" అని మళ్ళీ అడగనక్కర్లేదు.

నలభై ఆరు డిగ్రీల ఎండలోనూ నీళ్ళు చల్లగానే ఉంచగలిగాను. తోలులా మెత్తగా మడతలుపడే ఆ తోలు పగడం అరచెయ్యంత అయ్యింది. జంట చేపల్లో ఆడది దాని మడతల్లోనే పడుకుంటుంది. రోజుకు రెండుసార్లు మేత వేస్తున్నాను. చుక్కల మందుతో పరీక్షిస్తే నైట్రేట్ ఎనిమిది, ఫాస్ఫేట్ సున్నా పాయింట్ సున్నా ఆరు వచ్చింది. సరిగానే ఉన్నట్టా? సముద్రం గురించి చదివేదానివి, నువ్వు ఏం చెప్తే అదే చేస్తాను.

మీ వదిన, మా పిల్ల అక్సా నిన్ను అడిగామని రాయమన్నారు.

ప్రేమతో,
మీ అన్న రాబిన్సన్

తూత్తుకుడి
జూన్ 19

ప్రియమైన అన్నకు,

నీ అక్షరాలు చూస్తే ప్రాణం లేచొచ్చింది. కానీ అన్నా, ఆ అంకెలు ఎక్కువ. మిగిలిన మేత కుళ్ళి నైట్రేట్, ఫాస్ఫేట్ పెరుగుతాయి. నాచు పట్టి పగడాన్ని కమ్మేస్తుంది. రెండింటినీ సున్నాకు దించాలి. ఇక నాలుగు రోజులకొకసారి చిటికెడు మేత చాలు. ఫాస్ఫేట్‌ను పీల్చే గుళికలు పంపుతున్నాను, ఫిల్టర్‌లో వెయ్యి. ఎనిమిది వారాలు ఇలాగే చెయ్యి. ప్రతి ఆదివారం చర్చి నుంచి రాగానే అంకెలు రాసి, ఒకేచోట నిలబడి ఫొటో తీసి పంపు. మధ్యలో ఏదీ మార్చొద్దు. నన్ను నమ్ము.

నీ ముద్దుల చెల్లె,
జెస్లిన్

తుకుం
జూలై 20

ప్రియమైన జెస్లిన్‌కు,

రెండూ సున్నాకు వచ్చాయి. కానీ పగడం ఉడికిన ముల్లంగి ముక్కలా పాలిపోయింది. రాళ్ళ మీద గోధుమరంగు జిగురు పాకుతోంది. ఆడచేప చిక్కిపోయింది. నేను కనబడితే చాలు, అద్దానికి మూతి ఆనించి నిలబడుతుంది. నిన్న భోజనం దగ్గర మీ వదిన నాకు వినబడేలా గట్టిగా అన్నది:

"మనం తింటుంటే గా చేప పళ్లెం దిక్కే చూస్తుంది. జరంత మేత ఎయ్యరాదుండ్రి."

"చెల్లె వద్దన్నది."

"చెల్లె దాని మొఖం చూసిందా?"

ఒక్క మాట రాయి, వెయ్యమంటావా?

నీ జవాబు కోసం చూస్తూ,
అన్న

తూత్తుకుడి
జూలై 27

ప్రియమైన అన్నకు,

వద్దు. పగడం మారిన నీళ్ళకు అలవాటుపడేటప్పుడు అలాగే ఉంటుంది. ఇంకొన్ని వారాలే. అంకెలు చక్కగా వస్తున్నాయి. ఫొటోలో నీ చేతి నీడ పడకుండా చూడు. వదినకు నచ్చజెప్పు.

నీ జెస్లిన్

తుకుం
అక్టోబర్ 5

జెస్లిన్‌కు,

అక్సా కాలేజీలో ఫోన్‌లో నీ పేరు వెతికింది, మా అత్త ఇంత గొప్పదని స్నేహితులకు చూపించుకోవడానికి. నువ్వు సెమినార్‌లో చదివిన వ్యాసం దొరికింది. అందులో ఒక పట్టిక ఉంది. ఒక వరుస ప్రయోగశాల తొట్టి, రోజూ మేత. పక్క వరుస చంద్రపూర్‌లో ఒక ఇంటి తొట్టి, మేత తగ్గించి ఎనిమిది వారాలు. రెండో వరుసలో ఉన్నవి నా అంకెలు. మొదలుపెట్టే నాటికి ఆ తొట్టి ఆరోగ్యంగా ఉందని నువ్వే రాశావు.

పిల్లకు తెలుగు రాయడం రాదు. మరాఠీలో రాసి నా ముందు పెట్టింది: అత్త మన చేపలను కావాలని ఆకలితో ఉంచింది.

తెలిసే చేశావా? అది ఒక్కటి రాయి.

రాబిన్సన్

తూత్తుకుడి
అక్టోబర్ 14

ప్రియమైన అన్నకు,

తెలిసే చేశాను.

మేత అందని ఇంటి తొట్టి ఒకటి కావాలని మా గైడ్ సార్ అన్నారు. నిజం చెప్తే నువ్వు ఒప్పుకోవు. ఒప్పుకున్నా, ఆకలితో ఉన్న ప్రాణిని చూస్తూ మేత వెయ్యకుండా ఉండలేవు. అందుకే, అంకెలు సున్నా అయితే పగడం కూడా ఆకలితో పాలిపోతుందని తెలిసీ, బాగున్న అంకెలను ఎక్కువని అబద్ధం చెప్పాను. ఒకసారి నా మాట పట్టుకుంటే వదలవని తెలుసు. నీ అంకెల మీదే నా థీసిస్ నిలబడింది, డిసెంబర్‌లో డిగ్రీ వస్తుంది. నన్ను క్షమించు. కొత్త పగడం, కొత్త జంట పంపిస్తాను.

నీ చెల్లె,
జెస్లిన్

తుకుం
అక్టోబర్ 25

జెస్లిన్‌కు,

కొత్త చేపలు పంపొద్దు.

అడిగి ఉంటే ఏమనేవాణ్ణో నాకే తెలియదు. నువ్వు అడగనే లేదు. చెవులు పోయినప్పటి నుంచి అందరూ నాతో కాకుండా నా పక్కవాళ్ళతో మాట్లాడుతున్నారు. నువ్వొక్కదానివే నాతో మాట్లాడుతున్నావనుకున్నాను. నువ్వు మాట్లాడింది నా తొట్టితో.

నీకు తెలియనిది ఒకటుంది. మేత వద్దని నువ్వు రాసిన ఉత్తరం ఆగస్టు ఒకటిన అందింది. ఆ రోజే ఆడచేప చచ్చిపోయింది. మగది పగడం చుట్టూ తిరుగుతూ ఉంటే చూడలేక మేత వేశాను. మర్నాటి నుంచి రోజూ వేశాను. నీ గుళికలు తీసి పారేశాను. నైట్రేట్ మూడుకు, తర్వాత ఐదుకు వచ్చింది. నీ మాట దాటానని సిగ్గుపడి, ఆఖరి మూడు వారాలూ సున్నా అనే రాసి పంపాను. ఫొటోలు కూడా జూలైలో తీసినవే.

పగడం సగం కుళ్ళిపోయింది. మిగిలిన సగం మెల్లగా విచ్చుకుంటోంది.

నీ పట్టికలో చివరి మూడు గళ్ళు నా అబద్ధం. మీ సార్‌కు నేను రాయను. డిగ్రీ ఆగుతుందేమో, పోతుందేమో నాకు తెలియదు. నువ్వే వెళ్ళి చెప్పు. చెప్పిన తర్వాతే ఇంటికి రా.

రాబిన్సన్