మబ్బుల వేసిన రంగు

చందానగర్,
19-10-2011, బుధవారం.

మహారాజశ్రీ బాలనర్సయ్య గారి సముఖానికి,

మీతో కలిసి పనిచేసిన యోహాను వందనాలు చెప్పి రాసుకునేది. దేవుడి దయవల్ల నేనూ, మా సువార్తమ్మా, అబ్బాయి జాన్సనూ కులాసా. మీరూ, మీ ఇంటావిడ కిష్టమ్మ గారూ, అబ్బాయి మహేశూ చల్లగా ఉన్నారని తలుస్తాను. ఆపరేషను తరవాత మీకు చూపు బాగా ఆనుతోందని విని సంతోషించాను.

ఇక్కడి దాకా రాసేసరికి చెయ్యి పట్టేసింది నర్సయ్యా. జీడిమెట్ల కంపెనీలో ఇరవై రెండేళ్ళు ఒకే క్యారియర్లో అన్నం తిన్నవాణ్ణి పట్టుకుని మీరూ గారూ అని రాయడం నా వల్ల కాదు. నీకు కోపముంటే ఉండనీ, నేను నువ్వు అనే రాస్తాను. నాకివాళ పట్టరానంత సంతోషంగా ఉంది! పొద్దున ఎనిమిదింటి నుంచి ఇంట్లో కాలు నిలవటం లేదు. సువార్తమ్మ రెండుసార్లు నా నుదుటి మీద చెయ్యి వేసి, జ్వరం కూడా లేదే అంది. ఎందుకింత సంతోషమో చెప్పమంటే సరిగా చెప్పలేకపోతున్నాను. నాకే సగం అర్థమైంది, సగం కాలేదు. రెండు గల్లీల అవతలున్న మనిషికి ఉత్తరమేమిటని నవ్వకు. ఈ మూడు వారాల్లో మూడుసార్లు మీ గేటు దాకా వచ్చాను. మూడుసార్లూ గడియ మీద చెయ్యి పెట్టి వెనక్కి తిరిగాను.

సంగతి మా జాన్సన్ కారు బానెట్‌ది. నీకు తెలిసిందే అయినా మొదటి నుంచీ రాస్తాను. రాస్తే నాకైనా తెలుస్తుంది.

వేరే రాష్ట్రం కోసం ఈ సమ్మె మొదలైన వారంలో ఆ బానెట్ మీద గీతలు పడ్డాయి. గ్యాస్ బండ దించుతుంటే గీసుకుందని నీకు చెప్పాను. షెడ్డువాడు చెప్పిన ధర వింటే ఇంకో బానెట్ కొనుక్కోవచ్చనిపించింది. బస్సులన్నీ మియాపూర్ డిపోలోనే ఆగిపోయాయి, హైటెక్ సిటీలో ఆఫీసుకి పోవాలంటే వాడికి ఆ కారే దిక్కు. సరే, ఇంటి దగ్గర నేనే వేస్తానని ఒప్పుకున్నాను. కంపెనీలో డ్రమ్ములకీ మిషన్లకీ రంగు వేసిన చేతులు నీవి. నేను ప్యాకింగ్‌వాణ్ణి, నాకేం తెలుసు? నీకేమో కొత్తగా కంటి ఆపరేషనయింది, థిన్నర్ వాసన దగ్గరికి కూడా పోవద్దని డాక్టరు చెప్పాడు. అందుకని నువ్వు నల్లద్దాలు పెట్టుకుని మీ వాకిట్లో కూర్చుని నోటితో చెప్పావు, నేను పాత క్యాలెండర్ కాగితం వెనక రాసుకున్నాను.

ఆ కాగితం ఇప్పుడు నా ముందే ఉంది. నీ మాటలు నీ యాసలోనే రాసుకున్నాను. ముందుగాల సర్ఫు నీళ్లతోటి కడుగు, జిడ్డు ఉండొద్దు. గీతల కాడ లప్పం పెట్టు, పల్చగ. ఆరినంక వాటర్ పేపర్ తడుపుకుంట రుద్దు, చెయ్యి పెడితే జారాలె. అటెన్క ప్రైమరు. మల్ల రుద్దుడు. రంగు మూడు కోట్లు కొట్టు, మందంగ కొట్టకు, కారుతది. (ఇది చదివి వినిపిస్తే సువార్తమ్మ, ఇంటి దగ్గర వేసుకుంటేనే మూడు కోట్లయితే షెడ్డువాడిదే నయం కదండీ అంది!) ఇక చివర్న నువ్వు వేలెత్తి మరీ చెప్పావు. అన్నీ ఒక ఎత్తు గని, మబ్బుల మాత్రం ముట్టకు యోహానన్నా, పాలు ఒలికినట్టయితది అన్నావు.

నేను అన్నీ నువ్వు చెప్పినట్టే చేశాను నర్సయ్యా. వాటర్ పేపరు పట్టి రుద్ది రుద్ది వేళ్ళ కొసలు మంటలెత్తాయి. బజార్లో స్ప్రే డబ్బాలు కొన్నాను. అంతా సిద్ధం చేసుకుని తలెత్తి చూస్తే ఆకాశం నిండా మబ్బు. మర్నాడూ మబ్బే. నాలుగు రోజులు అలాగే ఆగాను. ఐదో రోజు నాలుగింటికే మెలకువ వచ్చి, అపార్టుమెంటు వెనక ఖాళీ జాగాలోకి వచ్చి చూస్తే ఒక్క మబ్బు తునక లేదు! అన్నీ చుక్కలే. దేవా, స్తోత్రం అనుకుని, బళ్ళు తిరిగి దుమ్ము లేవకముందే మూడు కోట్లూ కొట్టేశాను. దీపం వెలుగులో పెళ్ళికూతురి చీరలా మెరిసిపోయింది.

తెల్లవారాక చూస్తే మెరూన్ రంగంతా తెల్లగా పొగలు కమ్మి ఉంది. పెరుగు తోడేశారేంటండీ అంది సువార్తమ్మ. ఆఫీసులో కారుని అట్టడుగు సెల్లారులో గోడకి ముక్కు ఆనించి పెడుతున్నానని రెండు రోజుల తరవాత జాన్సన్ చెప్పాడు.

అప్పుడొచ్చావు నువ్వు, నల్లద్దాలతో. చూసి, గిదేంది యోహానన్నా, మబ్బుల ముట్టకంటి గద అని పగలబడి నవ్వావు. మబ్బెక్కడిదయ్యా, చుక్కలు చూసి మరీ వేశాను అన్నాను. గదే జెప్తున్న, సుక్కలుండంగ ఎవడన్న రంగేస్తడానె అని ఇంకా నవ్వావు. నా తల తిరిగింది. మబ్బులుంటే వద్దన్నవాడు మబ్బు లేనప్పుడు వేస్తే నవ్వుతాడేమిటి? కావాలనే తప్పు చెప్పి, నన్ను ఆడిస్తున్నాడు అనుకున్నాను. మా బండి బాగుపడటం మీవాళ్ళకి ఇష్టముండదులే అనేశాను.

నువ్వు నవ్వు ఆపి, అద్దాలు తీసి, నన్ను చూశావు. మీవాళ్ళా అన్నావు. అంతే. వెళ్ళిపోయావు. అద్దాలు చేతిలోనే పట్టుకుని, ఎండలో.

జాన్సన్ పుట్టినప్పుడు సువార్తమ్మకి వారం రోజులు దవాఖానాకి అన్నం మోసింది కిష్టమ్మ. ఆ కిష్టమ్మ ఎవరి మనిషి? కోస్తా నుంచి ఇక్కడికి బతకనొచ్చిన నేనెవరివాణ్ణి? రాష్ట్రం ఒకటో రెండో అది పెద్దవాళ్ళు తేల్చుకుంటారు, నాకు తెలియదు. కానీ ఆ మాట నా నోట్లోకి ఎక్కణ్ణుంచి వచ్చిందో ఎంత ఆలోచించినా అంతుపట్టటం లేదు.

ఇక ఇవాళ్టి సంగతి! ఆకుకూరల చంద్రమ్మ ఆలస్యంగా వచ్చిందని సువార్తమ్మ కేకలేస్తోంది. ఏం జెయ్యాలమ్మా, మబ్బుల లేచిన, బస్సులు లేవాయె, ఆటో దొరికేటాల్లకు గీ యాల్లయింది అంటోంది చంద్రమ్మ. నేను పేపరు చదువుతూ ఊరుకోలేక, ఇవాళ మబ్బులెక్కడున్నాయి చంద్రమ్మా, ఎండ పేలిపోతుంటేనూ అన్నాను. ఆమె గంప దించి మరీ నవ్వింది. అయ్యో సారూ, పైన ఉండేదాన్ని మేము మొగులంటం. మబ్బులంటే తెల్లారకముందు, ఇంక చీకటి ఉండంగ. ఇన్నేండ్లసంది ఈడ ఉండుకుంట గింత తెల్వదా అంది.

నర్సయ్యా! నేను కుర్చీలోంచి లేచి చంద్రమ్మకి దణ్ణం పెట్టాను. ఆమె భయపడి కొత్తిమీర ఒక కట్ట ఎక్కువ వేసింది. తెల్లవారుజామున వెయ్యద్దు, మంచు చెమ్మకి రంగు పాలిపోతుంది అని నువ్వు చెప్తే నేను ఆకాశం చూస్తూ కూర్చున్నాను! ఇరవై రెండేళ్ళలో ఆ మాట నా చెవిన ఎందుకు పడలేదా అని ఇప్పటికీ తికమకగా ఉంది. మనకి తెల్లవారుజామంటే ఫస్టు షిఫ్టే కదా, వేరే పేరుతో పని పడలేదేమో. ఏదైతేనేం, నా నర్సయ్య నాకు సరిగ్గానే చెప్పాడు! బానెట్ చూస్తే ఇంకా పెరుగులాగే ఉంది, నేనేమో దాని చుట్టూ తిరుగుతూ నవ్వుకుంటున్నాను. పై అంతస్తువాళ్ళు బాల్కనీలోంచి నన్ను వింతగా చూస్తున్నారు.

నన్ను క్షమించు. నీ కాళ్ళు పట్టుకోమన్నా పట్టుకుంటాను. బానెట్ పోతే పోయింది, నువ్వు లేకుండా మాత్రం నాకు ఇక్కడ పొద్దు గడవటం లేదు. ఆదివారం ఆరాధన అయ్యాక, పది దాటి ఎండెక్కాక, ఒక్కసారి రా. దూరంగా కుర్చీ వేస్తాను, వాసన తగలదు. నువ్వు తిడుతూ చెప్పు, నేను రుద్దుతాను. ఈ ఉత్తరం రేపు చంద్రమ్మ వచ్చినప్పుడు ఆమె చేతికిచ్చి పంపుతాను. వస్తావో రావో ఆమెకే చెప్పు. రాకపోయినా నిన్ను తప్పుపట్టను, నేనన్న మాట అలాంటిది.

నీ పిలుపు కోసం చూస్తూ,
నీ యోహాను.

తా.క. అంటించిన కవరు మళ్ళీ చింపాను. ఈ నాలుగు ముక్కలు నువ్వొక్కడివే చదువుకో. ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో అంతుపట్టటం లేదని పైన రాశాను. అబద్ధం. నాకు తెలుసు. బానెట్ మీద గీతలు గ్యాస్ బండవి కావు. మేకుతో గీసిన రెండు ఇంగ్లీషు అక్షరాలు, టీ, జీ, ఉద్యమంవాళ్ళు నంబరు ప్లేట్ల మీద ఏపీకి బదులు రాసుకుంటున్నవే. గీసినవాణ్ణి నేను పైనుంచి చూశాను. మన మహేశ్. నీకు చెబితే వాణ్ణి కొడతావని చెప్పలేదు. పెదనాయినా అని పిలిచేవాడు ఇలా చేశాడేమిటని లోపల్లోపలే ఉడికిపోయి, వాడి మీది కోపమంతా నీ మీద కక్కాను. కానీ వాడు గీసిన ముందురోజే, దారిలో బండ్లు ఆపుతున్నారు డాడీ, భయంగా ఉంది అని జాన్సన్ నాతో అంటుంటే మహేశ్ పక్కనే ఉన్నాడు, అంతా విన్నాడు. మరి వాడు కోపంతో గీశాడా, ఆ అక్షరాలు చూస్తే అన్న బండిని ఎవరూ ముట్టరని గీశాడా? నాకు తెలియదు నర్సయ్యా. వాణ్ణి ఒక్క మాట అడగకుండానే ఆ అక్షరాలు అరగదీసేశాను. ఆదివారం వాణ్ణి కూడా తీసుకురా. నువ్వేమీ అనకు. నేనే అడుగుతాను, వాడు చెప్పింది అర్థం కాకపోతే ఇంకోసారి చెప్పమంటాను.