ఊపిరి బిగబట్టిన నాలుగు రోజులు

షిగెనో అక్కకు,

నువ్వు చెప్పినట్టు కోయించుకోలేదు. కోపం తెచ్చుకోకుండా చివరిదాకా చదువు.

డాక్టరు రెండు దారులూ చెప్పాడు. "ఊపిరితిత్తిలో క్యాన్సర్ గడ్డ చిన్నదే. కోస్తే చుట్టుపక్కలకు పాకిందేమో కూడా తేలిపోతుంది, కానీ ఊపిరితిత్తిలో కొంత భాగం పోతుంది. కిరణాలతో కాలిస్తే కోత లేదు, నాలుగు రోజులు చాలు. కాకపోతే ఆ తర్వాత ఏళ్ళ తరబడి కనిపెట్టుకుని ఉండాలి."

"మళ్ళీ సముద్రంలో మునగొచ్చా?" అన్నాను.

"డెబ్భై ఏళ్ళకా, బామ్మగారూ?" అని నవ్వాడు. నవ్వనీ. మన షిమా తీరంలో ఆల్చిప్పల కోసం యాభై ఏళ్ళు మునిగినదాన్ని, ఊపిరి తప్ప నాకేముంది?

కిరణాలు పడేటప్పుడు ఊపిరి బిగబట్టమన్నారు. కళ్ళు మూసుకున్నాను. ఆకుపచ్చటి నీళ్ళు చల్లగా కమ్ముకున్నాయి. నాచు మెల్లగా ఊగుతోంది. నాకంటే లోతున నువ్వు, పెళ్ళికాని పిల్లవి, చెయ్యి ఊపుతున్నావు. "చాలు, ఊపిరి వదలండి!" అని మెషిన్ దగ్గరున్న అమ్మాయి రెండుసార్లు అరిచిందట. నాకు పైకి రావాలనిపించలేదు.

గడ్డ చచ్చిందో లేదో మూడు నెలలకు గానీ తెలియదు. కోయించుకోవాల్సిందేనన్న నీ మాటే నిజమవుతుందేమోనని భయంగా ఉంది. అది తెలిసే రోజు ఆసుపత్రికి రా, అక్కా. నీళ్ళపైకి తేలిన ప్రతిసారీ ముందు నీ ముఖమే వెతుక్కునేదాన్ని.

నీ చెల్లెలు