ఎర్ర పెన్సిలు దిద్దుబాటు

జూన్ 3
సూపర్‌వైజర్ పోస్టు ఒక్కటే. అప్లై చేసింది ఇద్దరం, నేనూ గుండీలమ్మా. ఈ హోటల్ లాండ్రీలో నాది ఇస్త్రీ, దానిది గుండీలు కుట్టడం. ఆవిరికి నా ఊపిరితిత్తులు పాడైపోయాయనీ, ఇంకో ఏడాది అక్కడే నిలబడితే మందులకి కూడా లొంగవనీ డాక్టరు చెప్పేశాడు. సూపర్‌వైజర్ గదిలో ఆవిరి ఉండదు. కిటికీ ఉంటుంది. ఇంటర్వ్యూ మాత్రం ఇంగ్లీషులోనట.

గుండీలమ్మ తనంతట తానే వచ్చింది. రోజూ భోజనాలయ్యాక చెరో అయిదు సెంటెన్సులు రాద్దాం అక్కా, నోటుబుక్కులు మార్చుకుని ఒకరివి ఒకరం దిద్దుకుందాం అంది. పోటీకి నిలబడ్డ మనిషికి నా మీద ఇంత ప్రేమ దేనికో!

జూన్ 5
పిక్ అప్ ఇట్ అని రాశాను. ఎర్ర పెన్సిలుతో కొట్టేసి పిక్ ఇట్ అప్ అని పెట్టింది. పిక్కూ అప్పూ మొగుడూ పెళ్ళాల్లా పక్కపక్కన హాయిగా ఉంటే, మధ్యలో ఈ ఇట్ ఎందుకు దూరినట్టు? అడిగితే అదంతే అక్కా అంది. వాళ్ళ బావగారి పుస్తకంలో ఉందట. ఆ పుస్తకం తెచ్చి చూపించమంటే, ఆయన ఇల్లు దాటనివ్వడట. నమ్మాలి మరి.

జూన్ 6
మా ఆయనకి చెప్పాను. నీకు కుక్కరు విజిల్ మీద కూడా అనుమానమే అన్నాడు. ఈయనతో చెప్పుకోవడం నాదే బుద్ధి తక్కువ.

జూన్ 9, మధ్యాహ్నం
వేర్ యు ఆర్ గోయింగ్ కూడా తప్పట. వేర్ ఆర్ యు గోయింగ్ అట. ముందు మనిషి రావాలి, తర్వాతే మిగతావి అని కదా మాకు బళ్ళో నేర్పారు! అన్నీ తలకిందులు చేస్తోంది. ఇంటర్వ్యూలో నన్ను నవ్వులపాలు చేయడానికే.

సరే. ఆ విద్య నాకూ వచ్చు. ఇవాళ అది టర్న్ ఆఫ్ ద లైట్ అని రాసింది. మా లాండ్రీ స్విచ్చి మీద అంటించిన కాగితంలో అక్షరం పొల్లు పోకుండా అలాగే ఉంది. అయినా కొట్టేసి, టర్న్ లైట్ ద ఆఫ్ అని పెట్టాను. థాంక్స్ అక్కా అని నోటుబుక్కు పట్టుకుని వెళ్ళింది. ఏం నటన!

జూన్ 10
ఇవాళ ఇంకో నాలుగు కొట్టేశాను.

జూన్ 14
ఎల్లుండే ఇంటర్వ్యూ. పాత పుస్తకాల షాపులో గ్రామరు పుస్తకం కొన్నాను. పిక్ ఇట్ అప్, నలభై ఆరో పేజీలో ఉంది. వేర్ ఆర్ యు గోయింగ్ కూడా ఉంది. అది దిద్దినవన్నీ కరెక్టే. నేను కొట్టేసినవీ కరెక్టే.

రేపు చెప్పేయాలి.

జూన్ 15
చెప్పలేదు. చెబుదామని నోరు తెరిచాను, దగ్గు తెర వచ్చింది. దగ్గు తగ్గేసరికి బుద్ధి మారింది.

జూన్ 16, సాయంత్రం
ముందు దాన్ని పిలిచారు. అయిదు నిమిషాల్లో బయటికొచ్చేసింది. నా చెయ్యి నొక్కి ఆల్ ది బెస్ట్ అక్కా అంది. దాని మొహం చూడలేకపోయాను. నన్ను మాత్రం ఇరవై నిమిషాలు అడిగారు. అది నేర్పిన మాటలే అన్నీ పనికొచ్చాయి.

పోస్టు నాకే. మా ఆయన స్వీట్లు తెచ్చాడు. నేను డబ్బా మూత కూడా తీయలేదు.

జూన్ 18
ఉండబట్టలేకపోయాను. దాన్ని నా కొత్త గదిలోకి పిలిచి, తలుపు వేసి అంతా కక్కేశాను. తిడుతుందనుకున్నాను. నవ్వింది. మొదటి రోజే తెలుసు అక్కా, ఆ స్విచ్చి పక్కనే కదా నా కుర్చీ అంది. మిగతావి ఇంటికెళ్ళి పుస్తకంలో సరిచూసుకునేదట. మరి అడగలేదేం అంటే, అడిగితే నువ్వు రావడం మానేస్తావు, కలిసి చదువుకోడానికి నాకింకెవరున్నారు అంది. తర్వాత తల వంచుకుని, నేను ఆ రోజు లోపలికెళ్ళింది ఈ పోస్టు మీకే ఇమ్మని చెప్పడానికి, ఆ ఆవిరిలో మీరింకో ఏడాది ఉండకూడదు అంది. మొదటిసారి నన్ను మీరు అంది.

ఇంత మంచితనం ఎక్కడైనా ఉంటుందా? లోపల తడబడి ఉంటుంది. పరువు పోకుండా ఇప్పుడు త్యాగం అంటోంది. అంతే. అంతే అయి ఉండాలి.

జూన్ 19
వెళ్ళి మేనేజరుని ఆరా తీశాను. పోస్టు నాకే ఇమ్మని ఒక్క తప్పు లేకుండా ఇంగ్లీషులోనే చెప్పిందట. అబద్ధమైనా బాగుండేది.